పొగ కనిపించాక ఎన్నాళ్లు?

2014 ఫిబ్రవరిలో పోర్షే కంపెనీ ఒక చిన్న జాబితా ముందు పెట్టుకుని కూర్చుంది. యూరప్‌లో రెండు 911 జీటీ3 కార్లు ఇంజను దగ్గర అంటుకుని తగలబడ్డాయి. ఆ కొత్త మోడల్ అప్పటికి ప్రపంచం మొత్తమ్మీద అమ్ముడైంది 785 మాత్రమే. కంపెనీ ఆ 785 మందికీ కబురు పెట్టింది: బండి బయటికి తీయకండి, మేమే వచ్చి పట్టుకెళ్తాం. కొద్ది వారాల్లో కారణం తేలింది. కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులై, రాడ్డు ఇంజను గోడను బద్దలు కొట్టి, కారిన ఆయిల్ అంటుకుంటోంది. కంపెనీ బోల్టులు బిగించి ఊరుకోలేదు. 785 ఇంజన్లూ మార్చేసింది.

నాలుగేళ్ల తర్వాత, 2018లో, దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు నడుస్తూ నడుస్తూ అంటుకోవడం మొదలైంది. ఆ ఒక్క ఏడాదిలో నలభైకి పైగా తగలబడ్డాయి. కొన్ని పార్కింగుల దగ్గర ‘బీఎండబ్ల్యూలకు ప్రవేశం లేదు’ అని బోర్డులు వెలిశాయి. జులై ఆఖర్లో కంపెనీ అక్కడ 1,06,317 కార్లను రీకాల్ చేసింది. ఆగస్టులో, తనిఖీ చేయించని కార్లు రోడ్డెక్కకూడదని ప్రభుత్వమే ఆదేశించింది. అదే నెలలో యూరప్‌లో 3,24,000 కార్లు, అక్టోబరు నాటికి ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లు ఆ లెక్కలోకి వచ్చాయి. తప్పంతా ఈజీఆర్ కూలర్‌ది. ఇంజను వదిలిన పొగలో కొంత చల్లార్చి మళ్లీ ఇంజనులోకి పంపే భాగం అది. దాన్లోంచి గ్లైకాల్ కలిసిన కూలెంట్ కారి, మసితో కలిసి పేరుకుని, వేడి పొగ తగలగానే రాజుకుంటోంది. ఆ డిసెంబరులో కొరియా దర్యాప్తు బృందం, కంపెనీకి ఈ సంగతి 2015లోనే తెలుసని తేల్చింది. ప్రభుత్వం 1,120 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది. బీఎండబ్ల్యూ ఒప్పుకోలేదు. మూలకారణం ఖాయం కాగానే రీకాల్ చేశామని చెప్పింది.

రెండూ జర్మన్ కంపెనీలే, రెండింటిలోనూ నిప్పే. ఒకచోట రెండు కార్లకే ఊరంతా కదిలింది, మరోచోట నలభై దాటాయి. 785 ఇంజన్లకూ 16 లక్షల కూలర్లకూ ఖర్చులో ఉన్న తేడా ఎవరైనా చెప్పగలరు. నాకు ఆసక్తి కలిగించింది ఆ చివరి మాట: ‘మూలకారణం ఖాయం కాగానే’. లోపమున్న బండిని ఎప్పుడు వెనక్కి పిలవాలి అన్న ప్రశ్న మీద జర్మనీలో అరవై ఏళ్లుగా నడుస్తున్న వాదమంతా ఈ మాట చుట్టూనే తిరుగుతోంది. పోర్షే వాళ్లు కారణం తెలియకముందే బండ్లు ఆపించారు. బీఎండబ్ల్యూ వాదన ప్రకారం కారణం తెలిశాకే పిలవాలి. చట్టం ఎవరి పక్షాన ఉంది?

చట్టంలోకి వెళ్లేముందు కంపెనీ లోపల ఏం జరుగుతుందో చూడాలి. లోపం ఎప్పుడూ లోపంలా రాదు. ఏదో ఊళ్లో డీలర్ వర్క్‌షాపులో వారంటీ కింద మార్చిన ఒక చిన్న విడిభాగంగా వస్తుంది. మెకానిక్ ఒక కోడ్ కొట్టి బిల్లు కంపెనీకి పంపుతాడు, పాత భాగం పెట్టెలో వెళ్తుంది. ఇలాంటివి రోజుకు వేలల్లో వస్తాయి. వాటిల్లో ఏది మామూలు అరుగుదలో, ఏది రేపు ఒకరి ప్రాణం తీసేదో కోడ్ చెప్పదు. వారంటీ గడువు తీరిన బండి పక్కవీధి షెడ్డుకు వెళ్తుంది, అక్కడ మార్చిన భాగం కంపెనీ కంటికి కనిపించనే కనిపించదు. అందుకే పాతబండ్ల జబ్బులు ఆలస్యంగా బయటపడతాయి. 2022 జూన్‌లో మెర్సిడెస్ ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాస్ కార్లు సుమారు 10 లక్షలు వెనక్కి పిలిచింది. అవి 2004 నుంచి 2015 మధ్య తయారైనవి. బ్రేక్ బూస్టర్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు కింద నీరు చేరి, ఏళ్ల తరబడి ఇనుమును తినేసింది. పరీక్షించేదాకా బండి నడపొద్దనే చెప్పారు. మొదటి బండి ఫ్యాక్టరీ దాటి అప్పటికి పద్దెనిమిదేళ్లు.

అమెరికాలో ఫోర్డ్ కంపెనీ రీకాల్ విభాగంలో 1973 నుంచి 1975 దాకా పనిచేసి, తర్వాత ప్రొఫెసరైన డెనిస్ జోయా 1992లో ఒక వ్యాసం రాశాడు. వెనకనుంచి గుద్దితే పెట్రోలు ట్యాంకు అంటుకునే పింటో కార్ల ఫైలు అతని బల్లమీదికి వచ్చింది. రీకాల్ అక్కర్లేదని అతనూ ఓటేశాడు. దుర్మార్గుడేం కాదు. ఆ రోజుల్లో సొంతానికి తనూ ఒక పింటోనే నడిపేవాడు, తర్వాత దాన్ని చెల్లెలికి అమ్మాడు. కంపెనీలో చెడిపోయిన భాగాలు పోగేసే గిడ్డంగిని అందరూ ‘ఘోరాల గది’ అనేవారట, అక్కడ కాలిపోయిన పింటోను చూసి కూడా అతని బుర్రలో గంట మోగలేదు. ఎందుకంటే ఆ విభాగంలో ఒక ఫిర్యాదు పైకి తేలాలంటే రెండే దారులు: చాలాసార్లు జరిగి ఉండాలి, లేదా ఒక స్పష్టమైన కారణం చూపగలగాలి. పింటోకు అప్పటికి రెండూ లేవు. ఈ విషయం మీద నేను చదివిన వాటిల్లో ఇంతకంటే నిజాయితీ ఉన్న రాత లేదు. సినిమాల్లో చూపించినట్టు ప్రాణానికి ఇంత, బోల్టుకు ఇంత అని లెక్కగట్టే విలన్లు అరుదు. రోజూ ఒకే రకం కాగితాలు చూసి చూసి అలవాటుపడిన కళ్లే ఎక్కువ.

జర్మనీలోనూ ఇలాంటి గదులున్నాయి. వోల్ఫ్స్‌బుర్గ్‌లో ఫోక్స్‌వాగన్ పెద్దలు క్రమం తప్పకుండా జరిపే ఒక సమావేశాన్ని జర్మన్ పత్రికలు ‘షాడెన్స్‌టిష్’ అని రాశాయి. నష్టాల బల్ల అనుకోవచ్చు. ఉత్పత్తుల్లో బయటపడిన లోపాల గురించి కంపెనీ అధిపతి ఎదుట మాట్లాడే వేదిక అది. దాని కింద ఉత్పత్తి భద్రత కమిటీ ఒకటి. ఇంజనీరింగ్, నాణ్యత, న్యాయ, అమ్మకాల విభాగాల వాళ్లంతా కూర్చుని, ఇది రీకాలా, సర్వీస్‌కి వచ్చినప్పుడు చడీచప్పుడు లేకుండా సరిచేసేదా, అసలు పట్టించుకోనక్కర్లేదా అని తేల్చేది ఇలాంటి కమిటీలే. మిగతా పెద్ద కంపెనీల్లోనూ పేర్లు మారతాయి గానీ మెట్లు ఇవే.

ఆ మూడింటిలో మధ్యది చాలా సుఖమైన దారి. జర్మన్‌లో రీకాల్‌ను ‘రుక్‌రూఫ్’ అంటారు, వెనక్కి పిలుపు. దాని పక్కనే ‘సర్వీస్ ఆక్‌త్సియోన్’ అనే మాట ఒకటుంది. బండి ఎలాగూ సర్వీసింగ్‌కి వస్తుంది, అప్పుడు ఓనరుకు చెప్పీ చెప్పకుండా ఆ భాగం మార్చేయడం. రీకాల్ అంటే పత్రికల్లో వస్తుంది, షేర్ ధర చూస్తుంది, ప్రభుత్వం చూస్తుంది. సర్వీస్ చర్య అంటే ఎవరూ చూడరు. చిన్నాచితకా లోపాలకు అది సరైన పనే. కిటికీ అద్దం గీత పెడుతోందని దేశమంతా ఉత్తరాలు పంపక్కర్లేదు. కానీ ఏది చిన్నదో నిర్ణయించేవాడూ, ఆ నిర్ణయంతో డబ్బు మిగిలేవాడూ ఒకరే అయినప్పుడు, తూకం కాస్త అటే మొగ్గుతుంది.

ఇక చట్టం. జర్మన్ న్యాయచరిత్రలో ఈ విషయానికి మూలం కార్లు కావు. కోళ్లు, మోటార్‌సైకిల్, బూట్ల మీద కొట్టే స్ప్రే. 1968 నవంబరు 26న కార్ల్‌స్రూహెలోని సమాఖ్య న్యాయస్థానం, టీకా వేయించాక కూడా రోగం వచ్చి చచ్చిపోయిన కోళ్ల యజమాని కేసులో, తప్పు తనది కాదని నిరూపించుకోవాల్సిన భారం తయారీదారుడి మీదే అంది. 1986 డిసెంబరు 9న హోండా మోటార్‌సైకిల్ కేసులో, బండి అమ్మేశాక కూడా దాన్ని కనిపెట్టుకుని ఉండటం తయారీదారుడి బాధ్యత అని, అది వేరే కంపెనీ తయారుచేసి ఆ బండికి తగిలించే సరుకుల దాకా వర్తిస్తుందని తీర్పిచ్చింది. ఆ కేసులో హ్యాండిల్‌కు బిగించిన తొడుగు వల్ల, వేగంలో బండి అదుపు తప్పి ఒక యువకుడు చనిపోయాడు. తొడుగు చేసింది హోండా కాదు. అయినా చూస్తూ ఉండాల్సింది అంది కోర్టు.

అసలైన మలుపు స్ప్రే. తోలు సామాను పాడవకుండా కొట్టే స్ప్రే అది. 1980 చివర్నుంచి దాన్ని వాడినవాళ్లకు దగ్గు, ఊపిరాడకపోవడం, వణుకు, జ్వరం వస్తున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆస్పత్రిపాలయ్యారు. కంపెనీ మందు కలిపే పాళ్లు మార్చింది, ఫిర్యాదులు ఆగలేదు. 1981 మే 12న డైరెక్టర్లు ప్రత్యేకంగా సమావేశమయ్యారు. ముఖ్య రసాయన శాస్త్రవేత్త వచ్చి, విషపదార్థం ఏదీ దొరకలేదన్నాడు. డబ్బా మీద హెచ్చరిక పెద్దగా రాద్దాం, అసలైన లోపం తేలితే అప్పుడు వెనక్కి తీసుకుందాం అని ఏకగ్రీవంగా తీర్మానించి లేచారు. ఆ గదిలో కూర్చున్నవాళ్లను ఊహించుకుంటే నాకు వాళ్లు చెడ్డవాళ్లుగా కనపడరు. చేతిలో ఉన్న కాగితం ప్రకారం నడుచుకున్నారంతే. కానీ 1990 జులై 6న సమాఖ్య న్యాయస్థానం వాళ్లను నేరస్థులుగానే చూసింది. ఏ పదార్థం వల్ల జబ్బు చేసిందో తేలకపోయినా పర్వాలేదు, స్ప్రే వల్లే చేసిందని ఇతర కారణాలన్నీ కొట్టేయగలిగితే చాలు. వెనక్కి పిలవాల్సిన బాధ్యత అక్కడే మొదలైంది. నా ఒక్కడి ఓటు మారినా మిగతావాళ్లు ఓడించేవాళ్లు కదా అన్న డైరెక్టరు వాదనా చెల్లలేదు.

అంటే 1990 నుంచీ జర్మనీలో చట్టం పోర్షే పక్షాన ఉంది. కారణం కోసం ఆగడం ఇంజనీరు ధర్మం కావచ్చు, డైరెక్టరు ధర్మం కాదు. ఇంజనీరింగ్ మీద అంత గర్వం ఉన్న దేశంలో ఈ రెండింటినీ విడదీయడం తేలిక కాదు. ఏ లోపం దగ్గరైనా ముందు ఎందుకు జరిగిందో తెలుసుకుని, సరైన మందు తయారుచేసి, ఆ తర్వాతే రోగిని పిలవాలని వాళ్ల చెయ్యి తహతహలాడుతుంది. మందు లేకుండా పిలిస్తే వర్క్‌షాపు ముందు బండ్లు బారులు తీరి, ఎవరూ ఏమీ చేయలేక, ఓనర్లు తిట్టుకుంటూ తిరిగి వెళ్తారు. అదీ నిజమే. మధ్యదారి ఒకటుంది, పోర్షే వాళ్లు చేసిందీ అదే: ముందు ఆపమని చెప్పు, తర్వాత వెతుకు.

స్ప్రే తీర్పు ఇచ్చిన అదే న్యాయస్థానం 2008 డిసెంబరు 16న ఇంకో మాటా అంది. రోగుల మంచాల కేసులో, లోపాన్ని తయారీదారుడు తన ఖర్చుతో సరిచేసి ఇవ్వాలన్న బాధ్యత ప్రతిసారీ ఉండదు, ప్రమాదం తప్పించడానికి హెచ్చరిక సరిపోతే చాలంది. కార్ల విషయంలో ఆచరణలో ఈ వెసులుబాటు ఎవరూ వాడుకోరు, ఉచితంగానే బాగుచేస్తారు. కానీ కమిటీ గదుల్లో లాయర్లు ఈ తీర్పును మర్చిపోరు.

న్యాయస్థానాలు బాధ్యత చెప్తాయి, తేదీ మాత్రం రోజువారీ చట్టం చెప్తుంది. వినియోగదారుడికి ప్రమాదం ఉందని తెలిసినా, తెలిసి ఉండాల్సినా, ఆలస్యం లేకుండా అధికారులకు చెప్పాలన్నది జర్మనీ ఉత్పత్తి భద్రత చట్టంలో ఉన్న మాట. 2020 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ వాహనాల ఆమోద నిబంధన దానికి కోరలు తగిలించింది. యూరోపియన్ కమిషన్ నేరుగా రీకాల్ ఆదేశించవచ్చు, బండికి 30,000 యూరోల దాకా జరిమానా వేయవచ్చు. ప్రమాదాన్ని కొలిచే యూరోపియన్ పద్ధతి చూస్తే ఒక పట్టిక కనిపిస్తుంది. ఒకవైపు గాయం తీవ్రత నాలుగు మెట్లు, చిన్న దెబ్బ నుంచి చావు దాకా. మరోవైపు అది జరిగే అవకాశం, సగానికి సగం నుంచి పది లక్షల్లో ఒకటి కంటే తక్కువ దాకా. రెండూ కలిసే గడిలో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ, తీవ్రం అని నాలుగు మాటల్లో ఒకటుంటుంది. ‘తీవ్రం’ అని పడితే రీకాల్ తప్పదు. పట్టిక బాగానే ఉంది. గడిలో వేసే అంకె ఎవరి దగ్గర్నుంచి వస్తుంది? కంపెనీ దగ్గర్నుంచే. లోపమున్న భాగం ఎన్ని బండ్లలో ఉందో, ఎన్నాళ్లకు విరుగుతుందో, విరిగితే డ్రైవరుకు ముందే తెలుస్తుందో లేదో, ఇవన్నీ వాళ్లే కట్టే అంచనాలు. హెచ్చరిక దీపం వెలుగుతుందా లేదా అన్న ఒక్క ఊహ మారితే గడి మారిపోతుంది.

ఆ అంకెను సరిచూడాల్సినది కేబీఏ, సమాఖ్య మోటారు రవాణా కార్యాలయం. 1951లో పుట్టిన ఈ సంస్థ డెన్మార్క్ సరిహద్దులో, ఫ్లెన్స్‌బుర్గ్ అనే ఊళ్లో ఉంది. జర్మనీలో ఉండే మనవాళ్లకు ఆ ఊరి పేరు వేరే రకంగా తెలుసు: అతివేగానికి పడే పాయింట్లు చేరేది అక్కడికే, ఎనిమిది చేరితే లైసెన్సు పోతుంది. ఆరు కోట్లకు పైగా వాహనాల యజమానుల చిరునామాలూ అక్కడే ఉన్నాయి. రీకాల్ చేయాలంటే కంపెనీకి ఆ చిరునామాలు కావాలి, అందుకోసం కేబీఏ గుమ్మం తొక్కాలి. అలా కబురు తనంత తానే ప్రభుత్వానికి చేరుతుంది. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. శిక్షా భయం కంటే చిరునామా అవసరం ఎక్కువ పనిచేయించే సందర్భాలుంటాయి.

ఉత్తరం అందాక పట్టించుకోకపోతే మళ్లీ వస్తుంది. అది కూడా పక్కన పడేస్తే, ప్రమాదం పెద్దదైనప్పుడు, స్థానిక రిజిస్ట్రేషన్ కార్యాలయం బండి నడపడాన్నే నిషేధిస్తుంది. నంబరు ప్లేటు మీది ప్రభుత్వ ముద్రను గీకేస్తారు. ఆ క్షణం నుంచి అది వీధిలో పడున్న ఇనుప పెట్టె. ముందు చెప్పబోయే ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్ల వ్యవహారంలో కొన్ని బండ్లకు ఇదే జరిగింది.

కేబీఏ మీద ఉన్న పెద్ద ఫిర్యాదు అది ఎక్కువ అడగదన్నది. ఒక మోడల్‌కు ఆమోదం ఇచ్చేదీ అదే, తర్వాత అందులో లోపం ఉందని చెప్పాల్సిందీ అదే. తన సంతకాన్ని తనే ప్రశ్నించుకోవాలి. అమెరికాలో మామూలు డ్రైవర్లు ఇచ్చిన ఫిర్యాదులు ప్రభుత్వ వెబ్‌సైట్లో ఎవరైనా చదువుకోవచ్చు, కంపెనీ లోపం ఉందని తేల్చుకున్న ఐదు పనిదినాల్లో చెప్పి తీరాలి. కేబీఏ వెబ్‌సైట్లో కనిపించేది తేలిపోయిన రీకాల్‌లే. తేలకముందు జనం ఏమంటున్నారో కనిపించదు. జర్మన్ కార్ల మీద పెద్ద రీకాల్ గొడవలు చాలామటుకు జర్మనీ బయటే ఎందుకు రాజుకున్నాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

మొట్టమొదటి పాఠం 1997 అక్టోబరు 21. స్వీడన్ పత్రిక ‘తెక్నికెన్స్ వార్ల్డ్’ విలేఖరి రాబర్ట్ కోలిన్, కొత్తగా వచ్చిన మెర్సిడెస్ ఏ క్లాస్‌ను ఒక పరీక్షకు తీసుకెళ్లాడు. అక్కడి రోడ్ల మీదికి ఎల్క్ అనే పెద్ద దుప్పి హఠాత్తుగా వస్తుంది, దాన్ని తప్పించడానికి స్టీరింగు ఒక్కసారి అటూ వెంటనే ఇటూ తిప్పాలి. ఏ క్లాస్ తిప్పగానే బోర్లాపడింది. స్టుట్‌గార్ట్ పెద్దలు మొదట అది విపరీతమైన పరీక్ష అన్నారు, టైర్లు కారణమన్నారు. ఇంతలో పత్రికలవాళ్లు పాత తూర్పు జర్మనీ ట్రబాంట్ కారును అదే పరీక్షలో నడిపి, అది నిక్షేపంగా నిలబడిందని చూపించారు. జర్మనీ అంతా నవ్వింది. నవంబరు 11న కంపెనీ అమ్మకాలు పన్నెండు వారాలపాటు ఆపేసి, అన్ని బండ్లకూ ఈఎస్‌పీ అనే స్థిరత్వ వ్యవస్థ పెట్టి, సస్పెన్షన్ మార్చింది. 30 కోట్ల మార్కుల ఖర్చు. అప్పటిదాకా ఖరీదైన కార్లకే పరిమితమైన ఈఎస్‌పీ ఆ తర్వాత చిన్న కార్లకూ మామూలైంది. తర్వాత కంపెనీయే ఎల్క్ బొమ్మలు పంచిపెట్టింది. సిగ్గును ప్రచారంగా మార్చుకోగలిగిన తెలివి మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ మూడు వారాల్లో లోపం ఏమీ మారలేదు, చూసేవాళ్ల సంఖ్య మారింది.

రెండేళ్లకే ఆడి టీటీ కథ. ఆటోబాన్ మీద అతివేగంలో వంపు తిరుగుతున్నప్పుడు, లేన్ మారుతున్నప్పుడు వెనకభాగం తేలిపోయి బండి గింగిరాలు తిరుగుతోందని ఫిర్యాదులు వచ్చాయి, ప్రాణాలూ పోయాయి. వెనక ఒక చిన్న స్పాయిలర్, ఈఎస్‌పీ, సస్పెన్షన్ మార్పులతో కంపెనీ వెనక్కి పిలిచింది. వేగానికి హద్దులేని రోడ్డు ఉన్న దేశంలో తప్ప ఈ లోపం లోపమే కాదు. 2005 మార్చిలో మెర్సిడెస్ 13 లక్షల కార్లను, వాటిలో ఎలక్ట్రానిక్ బ్రేకులవి కూడా ఉన్నాయి, ఒకేసారి పిలిచినప్పుడు అది అప్పటికి ఆ కంపెనీ చరిత్రలోనే అతిపెద్ద రీకాల్ అయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. సొంతంగా చెప్పుకున్నదాన్ని జనం తొందరగా మరిచిపోతారు.

ఇక ఫోక్స్‌వాగన్ డీజిల్ వ్యవహారం, పరీక్షప్పుడు మాత్రమే ఉద్గారాలు తగ్గించే సాఫ్ట్‌వేర్ కథ. ఇది లోపం కాదు, మోసం, కాబట్టి రీకాల్ చర్చలో దీనికి చోటెందుకు అనొచ్చు. చోటుంది, ఎందుకంటే ‘ఎప్పుడు’ అనే ప్రశ్నకు దీనికన్నా స్పష్టమైన కాగితం ఇంకొకటి దొరకదు. 2014 మే 23న, ఉత్పత్తి భద్రత చూసే ఒక అధికారి రాసిన నోట్ ఫోక్స్‌వాగన్ అధిపతి మార్టిన్ వింటర్‌కోర్న్‌కు వారాంతంలో పంపే కాగితాల కట్టలో చేరింది. అమెరికాలో ఉద్గారాల లెక్కలో వచ్చిన తేడాకు అధికారులకు సరైన సంజాయిషీ ఇవ్వలేమని, ఇంజను సాఫ్ట్‌వేర్‌లో పరీక్షను పసిగట్టే ఏర్పాటు ఉందేమోనని వాళ్లు వెతుకుతారని అందులో ఉంది. ఆయన దాన్ని చదివారో లేదో రాతపూర్వకంగా ఎక్కడా లేదని కంపెనీ తర్వాత చెప్పింది. 2015 జులై 27న నష్టాల బల్ల సమావేశం పక్కన ఈ విషయం మాట్లాడుకున్నారనీ కంపెనీ ఒప్పుకుంది. సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ ఆ మోసాన్ని బయటపెట్టింది. ఐదు రోజులకు వింటర్‌కోర్న్ రాజీనామా. లోకం మొత్తమ్మీద ఆ ఇంజను ఉన్న బండ్లు కోటీ పది లక్షలు.

అప్పుడైనా ‘మేమే స్వచ్ఛందంగా సరిచేస్తాం’ అన్నది ఫోక్స్‌వాగన్ మాట. అక్టోబరు 15న కేబీఏ ఆ మాట ఒప్పుకోకుండా జర్మనీలోని 24 లక్షల కార్లకు తప్పనిసరి రీకాల్ ఆదేశించింది. యూరప్‌లో అవి 85 లక్షలయ్యాయి. స్వచ్ఛందానికీ ఆదేశానికీ బండి ఓనరు దృష్టిలో తేడా ఏముంది? ఆదేశమైతే చేయించుకోకపోతే ప్లేటు పోతుంది. పైగా, చేసిన మరమ్మతును కేబీఏ ఆమోదించాలి. ఆ మరమ్మతు చూస్తే చాలామందికి ఆశ్చర్యమేసింది: చాలా బండ్లకు అరగంటలో సాఫ్ట్‌వేర్ మార్పు, 1.6 లీటర్ ఇంజన్లకు దానితోపాటు గాలి గొట్టంలో ఒక చిన్న ప్లాస్టిక్ జాలీ. వర్క్‌షాపు రికార్డుల్లో ఆ పని కోడ్ 23ఆర్7. ఇప్పటికీ పాత డీజిల్ పోలో కొనేవాళ్లు అడిగి చూసుకునే నంబరు అది. ఈ వ్యవహారం కంపెనీకి 3,000 కోట్ల యూరోలకు పైగా ఖరీదైంది. 2020 మే 25న సమాఖ్య న్యాయస్థానం, ఓనర్లను కంపెనీ నీతిబాహ్యంగా దెబ్బతీసిందని తీర్పిచ్చింది. 2018 జూన్‌లో మెర్సిడెస్ వంతు, యూరప్‌లో 7,74,000 బండ్లు. అదీ కేబీఏ ఆదేశమే. ఇంత జరిగాక ఫ్లెన్స్‌బుర్గ్ మారిందా అంటే, కొంత మారింది. ముందెప్పుడూ లేని విధంగా బండ్లను రోడ్డు మీద పెట్టి కొలవడం నేర్చుకుంది.

డబ్బు గురించి ఒక మాట. రీకాల్‌కు ఖర్చవుతుంది కాబట్టి కంపెనీలు వాయిదా వేస్తాయన్నది అందరూ నమ్మే సూత్రం. ఇప్పుడు అది సగమే నిజం. 2024 సెప్టెంబరులో బీఎండబ్ల్యూ, కాంటినెంటల్ కంపెనీ సరఫరా చేసిన బ్రేక్ వ్యవస్థలో లోపం వల్ల 15 లక్షలకు పైగా కార్లు చిక్కుకున్నాయని చెప్పి, లాభాల అంచనా తగ్గించింది. వాటిలో 3,20,000 ఇంకా కొన్నవాళ్లకు అందనే లేదు, గోడౌన్లలోనే ఆపేశారు. ఒక్కరోజులో బీఎండబ్ల్యూ షేరు 11 శాతం దాకా పడింది, కాంటినెంటల్ షేరూ అదే దారి పట్టింది. కొరియా అనుభవం తర్వాత మ్యూనిక్‌లో వాళ్లు ఈసారి దెబ్బ ముందే తిన్నారని నా అభిప్రాయం. కానీ భాగం తయారుచేసింది ఒకరు, బండి మీద పేరున్నది ఇంకొకరు అయినప్పుడు నిర్ణయానికి ఇంకో చిక్కు వస్తుంది: ఖర్చెవరిది? ఆ బేరం తేలేదాకా రెండు పక్షాల లాయర్లూ మాటలు ఆచితూచి వాడతారు.

అందరికన్నా పెద్ద ఉదాహరణ తకాతా ఎయిర్‌బ్యాగులు. జపాన్ కంపెనీ అయినా, 2000లో ఆషాఫెన్‌బుర్గ్‌లోని స్టీరింగుల కంపెనీ పెట్రీని కొనుక్కుని జర్మనీలోనూ వేళ్లూనింది. అమ్మోనియం నైట్రేట్ మందు ఉన్న దాని ఎయిర్‌బ్యాగు, వేడీ తేమా ఉన్న చోట ఏళ్లు గడిచేకొద్దీ పాడై, పేలినప్పుడు ఇనుప ముక్కలు విసురుతుంది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు పది కోట్ల భాగాలు మార్చాల్సి వచ్చింది, 2017 జూన్‌లో కంపెనీ దివాలా తీసింది. ఫ్లెన్స్‌బుర్గ్ చలిలో పదేళ్లు నిక్షేపంగా ఉండే భాగం, కాకినాడ తీరంలాంటి ఉక్కపోతలో అంతకాలం ఉండదు. ప్రమాదాన్ని ఏ ఊరి వాతావరణం ప్రకారం లెక్కగడుతున్నారన్నది మనకు అవసరమైన ప్రశ్న.

మన దేశంలో ఇది కొత్త విషయమే. 2012 జులైలో కార్ల తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద నియమావళి తెచ్చింది. 2015 డిసెంబరులో ఫోక్స్‌వాగన్ ఇక్కడ 3,23,700 డీజిల్ కార్లను పిలవాల్సి వచ్చింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఏ సెక్షన్ చేరింది, 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి రీకాల్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏటా అమ్మే బండ్ల సంఖ్యకు తగ్గట్టు ఇన్ని ఫిర్యాదులు చేరితే ప్రభుత్వం రంగంలోకి దిగుతుంది, ఏడేళ్లు నిండని బండ్లకే. అంటే ఇక్కడ చట్టం లెక్కను నమ్ముకుంది, స్ప్రే తీర్పులాగా అనుమానాన్ని కాదు. మెర్సిడెస్ బ్రేక్ బూస్టర్ లాంటి పద్దెనిమిదేళ్ల తుప్పు ఈ జల్లెడలో పడదు.

స్టుట్‌గార్ట్‌లోనో మ్యూనిక్‌లోనో చదువుకుంటూ, నలుగురు కలిసి పాత బండి కొనుక్కునే మన పిల్లలు చాలామంది ఉన్నారు. బేరమాడేటప్పుడు కిలోమీటర్లు, టైర్లు, ధర చూస్తారు. ఛాసిస్ నంబరు తీసుకుని ఏ కంపెనీ డీలర్‌కైనా ఫోను చేస్తే పెండింగ్ రీకాల్ ఉందో లేదో నిమిషంలో చెప్తారు. మరమ్మతు ఉచితం, ఎన్నో ఓనరు అన్నది ఎవరూ అడగరు. ఇక్కడ విజయవాడలో, హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు ఇంకో చిక్కుంది: పేరు మార్పించుకోకపోతే కంపెనీ ఉత్తరం మొదటి ఓనరు ఇంటికి వెళ్తుంది. పేరు మార్పించుకోండి. ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ వెబ్‌సైట్లోనో, సియామ్ జాబితాలోనో ఓసారి వెతకండి. బండిలో ఏదైనా తేడా కనిపిస్తే షెడ్డులో చెప్పి ఊరుకోకుండా వాహన్ పోర్టల్‌లో కూడా రాయండి. ఆ పట్టికలో గడి మారాలంటే మీ ఫిర్యాదూ ఒక అంకెగా చేరాలి.